వేడెక్కితే చచ్చే స్టేటర్

గన్నర్‌సైడ్, యార్క్‌షైర్
అక్టోబర్ 1991

క్లిఫర్డ్ అన్నయ్యకి,

ఈ ఉత్తరంతో వచ్చిన పొట్లం విప్పే ముందు కాస్త కూర్చో. అందులో ఉన్నది మీ కంపెనీ సరుకే. మీ బావ బండిలో ఈ ఏడాది చచ్చిన రెండో స్టేటర్. మొదటిది వసంతంలో పంపితే “ఒక్కోసారి అలా జరుగుతుంది” అని రాశావు. ఇప్పుడు రెండోసారి జరిగింది. దీనికేం పేరు పెడతావో చూద్దామని రాస్తున్నాను.

స్పెయిన్ నుంచి కదెల్ మోటార్‌సైకిళ్లు తెప్పించి ఇంగ్లండంతా అమ్మే కంపెనీకి నువ్వు సర్వీస్ మేనేజరువి. నీ మాట విని మీ బావ ఎడ్విన్ తన పాత బండి వదిలి అది కొన్నాడు. దానికి బ్యాటరీ లేదు. ఇంజన్ పక్కన మూత కింద ఉన్న ఆ స్టేటర్ రాగితీగ చుట్టలోంచి కరెంటు పుడితేనే నిప్పురవ్వ, లేకపోతే బండి కాదు, ఇనుము.

నార్తాంప్టన్‌లో కుర్చీలో కూర్చుని మర్చిపోయి ఉంటావు కాబట్టి గుర్తు చేస్తున్నాను. ఎడ్విన్ ఆడే ట్రయల్స్ పోటీ అంటే పరుగుపందెం కాదు. రాళ్ల మీద, వాగుల్లో, కాలు కింద పెట్టకుండా పాకుతూ పోవడం. కాలు పెడితే ఒక మార్కు, బండి ఆగితే ఐదు, ఎన్ని తక్కువ పడితే అంత గొప్ప. మొన్న ఆదివారం వాగు మధ్యలో ఎడ్విన్ బండి ఆగిపోయింది. అసలే నత్తలా పోతాడేమో, ఆగిందన్న సంగతి ఆయనకే ఆలస్యంగా తెలిసింది. గట్టు మీద మార్కులు వేస్తున్నది నేనే. ఐదూ వేశాను, మొగుడని ఒక్కటీ తగ్గించలేదు.

మా క్లబ్బు డగ్లస్ కాల్వర్ట్ తన బండికి కట్టి లాక్కొచ్చాడు. వస్తూ ఏమన్నాడో తెలుసా? “హిల్డా, మీ అన్న ఈ బళ్లతో పాటు తాడు కూడా ఇస్తాడా, విడిగా కొనుక్కోవాలా?”

జవాబు నువ్వే చెప్పు.

హిల్డా


నార్తాంప్టన్
అక్టోబర్ 1991

హిల్డాకి,

కొత్త స్టేటర్ పంపుతున్నాను. తాడు పంపడం లేదు. డగ్లస్‌కి తాడు కావాలంటే తన ప్యాంటు జారకుండా కట్టుకున్నది వాడుకోమను.

ఇందులో రహస్యమేమీ లేదు. మీ ఆయన బండి కడిగే పద్ధతి నేను కళ్లారా చూశాను. గొర్రెల పాక కడిగే పైపు తెచ్చి, ఇంజన్ మూత మీద గురిపెట్టి, పైపు నోట్లో పెట్టుకుని పాట పాడుతూ కడుగుతాడు. సరే, పైపు కాదు, చుట్ట నోట్లో పెట్టుకుని. నీళ్లు మూత సందులోంచి లోపలికి పోతాయి, తీగ కుళ్లుతుంది, మీరు నాకు పొట్లం కట్టి పంపుతారు. ఆ ఫ్యాక్టరీవాళ్లు ఈ బళ్లని కొండ కాలవల్లో నెలల తరబడి నడిపి చూశారు. వాళ్లకి రాని రోగం మీ లోయలో ఎందుకొస్తుంది? బడుద్ధాయిలు ఎక్కువగా ఉన్న చోటే వస్తుంది.

ఇక వాగులో ఆగిన సంగతి. బండి ఆగిందో, ఆయనే ఆపాడో ఎవరు చూశారు? ఆగి ఉన్న బండి మీంచి కింద పడ్డ మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆయనకే నా చెల్లెల్ని ఇచ్చాం.

తడి గుడ్డతో తుడవమను. పైపు దాచెయ్.

క్లిఫర్డ్


గన్నర్‌సైడ్
డిసెంబర్ 1991

క్లిఫర్డ్ అన్నయ్యకి,

మూడోది పోయింది. పైపు దాచాను. నువ్వు చెప్పినట్టు గుడ్డతో తుడిచాడు, పసిపిల్లాడికి స్నానం చేయించినట్టు. అయినా పోయింది. ఇప్పుడు గుడ్డది తప్పంటావా?

మీ బావ ఇంకోటి గమనించాడు. చల్లగా ఉన్నప్పుడు ఒక్క తన్నుకి లేస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆగిపోతుంది. ఫ్లాస్కులో టీ తాగి, ఒక శాండ్‌విచ్ తిని మళ్లీ తంతే బుద్ధిగా లేస్తుంది. నీళ్లు పోయిన వస్తువు శాండ్‌విచ్ తినేలోగా ఎలా ఆరుతుందో మీ స్పెయిన్ పండితుల్ని అడుగు.

అందుకని నేనొక పని చేశాను. ఆ స్టేటర్ ఊడదీసి మీటరు తగిలించాను. ముల్లు బాగానే లేచింది. తర్వాత దాన్ని వంటపొయ్యి పక్క అరలో, రొట్టె పొంగడానికి పెట్టే చోట పెట్టాను. కాసేపటికి తీసి చూస్తే ముల్లు చచ్చి పడుకుంది. కిటికీ గట్టు మీద చల్లార్చాను, లేచింది. మళ్లీ అరలో పెట్టాను, చచ్చింది. ఎడ్విన్ బల్ల దగ్గర కూర్చుని చూస్తూ, “మీ అన్న కూడా ఇంతే కదే. వెచ్చటి గదిలో కూర్చోబెడితే పని చెయ్యడు,” అన్నాడు.

లోపలి తీగ ఎక్కడో సన్నగా తెగింది. వేడికి సాగి విడిపోతోంది, చల్లారితే మళ్లీ తాకుతోంది. తీగ బలహీనం, లేదా దాని పూత చచ్చుది. కడగడానికీ దీనికీ సంబంధం లేదు. రిచ్‌మండ్‌లో ఒకడి బండికి, హాస్‌లో ఇద్దరివాటికి ఇదే రోగం. వాళ్లెవరికీ మా పైపు అరువివ్వలేదు.

హిల్డా


కదెల్ మోటార్‌సైకిల్స్ దిగుమతి సంస్థ
సర్వీస్ విభాగం, నార్తాంప్టన్
జనవరి 1992

గౌరవనీయులైన వినియోగదారుగారికి,

తమరు పంపిన స్టేటర్‌ను పరిశీలించడమైనది. సదరు భాగాన్ని తమరు గృహోపకరణమైన పొయ్యిలో వేడి చేసినట్లు తమ లేఖలోనే పేర్కొన్నందున, హామీ నిబంధనల ప్రకారం ఉచితంగా మార్చి ఇవ్వడం సాధ్యం కాదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. వాహనాన్ని అధిక పీడనం గల నీటితో శుభ్రపరచరాదని మరొక్కసారి మనవి చేస్తున్నాము.

కదెల్ వాహనాన్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు.

భవదీయుడు,
సి. ఫాసెట్, సర్వీస్ మేనేజర్


గన్నర్‌సైడ్
జనవరి 1992

సి. ఫాసెట్ గారికి,

తమరి లేఖ చేరినది. చదివి మా ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు, ఆ చప్పుడుకి కుక్క బయటికి పోయింది.

చిన్నప్పుడు తమరు అమ్మ గడియారం విప్పి, మళ్లీ బిగించలేక, దాన్ని నా దిండు కింద పెట్టి దెబ్బలు నాకు తినిపించారు. అప్పట్నుంచే తమరికి సర్వీస్ మేనేజరు పదవి రాసిపెట్టి ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. వస్తువు తమరు పాడు చేస్తారు, తప్పు పక్కవాడి దిండు కింద దొరుకుతుంది.

అమ్మ బతికుంటే ఈ కాగితం పట్టుకుని నార్తాంప్టన్ బస్సెక్కేది. తమరి గుమాస్తాలందరి ముందూ చెవి పట్టుకుని, “నీ చెల్లెలి పేరేంట్రా?” అని అడిగేది. “గౌరవనీయులైన వినియోగదారు” అనేవారా?

స్టేటర్ ఒకటి మా డబ్బుతో మేమే కొన్నాం. అదీ మీ కంపెనీదే. దేశంలో ఇంకెవరూ అమ్మరు కదా, ఏం చేస్తాం. తమరి ధన్యవాదాలు పాకలో మేకుకి తగిలించాను.

వినియోగదారు


నార్తాంప్టన్
ఫిబ్రవరి 1992

హిల్డా,

ఇది ఇంట్లో కూర్చుని చేత్తో రాస్తున్నాను. ఆ టైపు ఉత్తరం నేను రాసింది కాదు. మా యజమాని లాంగ్డెన్ ఒక నమూనా తయారు చేయించాడు. ఫిర్యాదు చేసిన ప్రతివాడికీ అదే పోతుంది, నేను కింద సంతకం పెడతాను. నీది కట్టలో వచ్చింది. చూసుకోకుండా పెట్టానని చెప్తే నమ్మవు. చూసే పెట్టాను. ఏం చెయ్యమంటావు, సొంత చెల్లెలికి వేరే నిబంధనలా?

నువ్వేమో పొయ్యిలో పెట్టానని గొప్పగా రాస్తావు. ఆ మాట లాంగ్డెన్‌ చదివి రోజంతా ఆఫీసులో అందరికీ వినిపించాడు. “ఫాసెట్, మీ చెల్లెలు స్టేటర్ రొట్టెలు ఎంతకి అమ్ముతుంది?” అని. నా పరువు ఎక్కడికి పోయిందో ఆలోచించావా? ఇంజన్లు అర్థమయ్యేవాళ్లు పరీక్ష బల్ల మీద చేస్తారు, రొట్టెల అరలో కాదు.

ఇంకో మాట. యాభై దాటిన మనిషి, అంత పొట్టతో, రాతి మెట్లు ఎక్కుతానంటే ఇంజన్ మాత్రం వేడెక్కక ఏం చేస్తుంది? మీ ఆయన్ని చూసి జాలిపడి ఆగిపోతోందేమో. ఈ వసంతంలో ఆయన ఎన్నిసార్లు పడతాడో లెక్క రాసి పంపు, ఆఫీసులో నేనూ ఒకరోజు నవ్విస్తాను.

క్లిఫర్డ్


గన్నర్‌సైడ్
మార్చి 1992

క్లిఫర్డ్,

లెక్క అడిగావు. ఒక్కసారే పడ్డాడు.

క్లబ్బు పోటీలో ఆఖరి సెక్షన్. ఎత్తైన రాతి మెట్టు. మార్కులు వేస్తున్నది నేనే. చక్కగా ఎక్కాడు. ముందు చక్రం పైకి చేరింది, వెనకది అంచు మీద ఉంది. అక్కడ ఇంజన్ చచ్చింది. దగ్గలేదు, తడబడలేదు, ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. బండి వెనక్కి తిరగబడి ఆయన మీద పడింది, ఇద్దరూ కలిసి వాగులోకి.

ఐదు మార్కులు వేశాను. చెయ్యి అలవాటు పడిపోయింది. వేసి, తలెత్తి, ఏదో ఒక తిట్టు తిడదామనుకున్నాను. లేవలేదు.

డగ్లస్, ఇంకో ముగ్గురూ గేటు పలక ఊడదీసి దాని మీద మోసుకొచ్చారు. తుంటి ఎముక విరిగింది, తొడ ఎముక రెండు చోట్ల. నార్తలర్టన్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పటికి ఒకసారి కోశారు, మళ్లీ కొయ్యాలట.

దారంతా డగ్లస్ ఒక్క హాస్యమూ ఆడలేదు. అప్పుడు భయమేసింది నాకు.

నువ్వు రావద్దు.

హిల్డా


నార్తాంప్టన్
మార్చి 1992

హిల్డా,

ఎలా ఉన్నాడు? రెండో ఆపరేషన్ అయిందా? నేను రాసిన చివరి ఉత్తరం ఆయన చదివాడా?

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

క్లిఫర్డ్


నార్తాంప్టన్
ఏప్రిల్ 1992

హిల్డా,

నువ్వు రాయలేదు. నేనే రాస్తున్నాను.

శనివారం గోదాములోంచి పెట్టెలు విప్పని స్టేటర్లు కొన్ని ఇంటికి తెచ్చాను. మీ వదిన సంతకి వెళ్లగానే పొయ్యి వెలిగించి ఒక్కోటీ అరలో పెట్టాను, మీటరు తగిలించాను. నీ లెక్క తప్పని తేల్చి నీకు రాద్దామనే మొదలుపెట్టాను, అబద్ధమెందుకు. సగానికి పైగా చచ్చాయి. కొత్తవి. ఇంకా బండిలో పెట్టనివి. వదిన తిరిగొచ్చి వంటింట్లో కాలిన పూత వాసన చూసి, “ఎవరైనా చచ్చారా?” అంది.

సోమవారం లాంగ్డెన్‌ గదికి వెళ్లి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నాకు గట్టిగా తగిలింది. “తీగ చుట్టే పని ఫ్యాక్టరీవాళ్లు నిరుడు ఇంకొకళ్లకి ఇచ్చారు. చవకగా చేస్తున్నారు. శరత్కాలానికి మంచివి వస్తాయి,” అన్నాడు.

“అప్పటిదాకా?”

“అప్పటిదాకా జనానికి బండి కడగడం రాదు. నువ్వు అద్భుతంగా రాస్తున్నావు కదా ఉత్తరాలు.”

మా బావ ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాను. “యాభై దాటిన మనిషికి రాతి మెట్లెందుకు, ఫాసెట్?” అన్నాడు. అచ్చం నా మాటే. ఆయన నోటి నుంచి వింటే ఎలా ఉందో నీకు రాయలేను.

క్లిఫర్డ్


గన్నర్‌సైడ్
ఏప్రిల్ 1992

క్లిఫర్డ్,

అక్టోబర్ నుంచి గొంతు చించుకుంటున్న సంగతి నువ్వు ఏప్రిల్లో సొంత పొయ్యిలో కనిపెట్టావు. సంతోషం. ఏదైనా పతకం ఇస్తారేమో కనుక్కో.

తెలుసుకున్నావు, బాధపడ్డావు, నాకు రాశావు. ఇప్పుడేం చేస్తావు? రేపు ఉదయం ఆఫీసుకి వెళ్లి మళ్లీ ఆ కట్ట మీద సంతకాలు పెడతావా? పెట్టేట్టయితే నాకు రాయకు. నీ బాధ దాచుకోవడానికి మా ఇంట్లో చోటు లేదు, పాక నిండా గొర్రెపిల్లలున్నాయి. వాటిని చూసుకోవడానికే నాకు ఇద్దరు మనుషుల పనైపోతోంది.

మీ బావ ఇంటికొచ్చాడు. కింది గదిలో మంచం వేశాం. కుడికాలు పొట్టిదవుతుందని, కర్ర లేకుండా నడవలేడని డాక్టరు చెప్పాడు. బండి సంగతి డాక్టరు ఎత్తలేదు. మేమూ అడగలేదు.

నీకేదో చెప్పాలని పట్టుబట్టాడు. అన్నదన్నట్టు రాస్తున్నాను, నాకు సంబంధం లేదు:

“క్లిఫ్, ఆసుపత్రిలో ఎవరో పేరు చెప్పకుండా నర్సు చేతికి ద్రాక్షపళ్లు ఇచ్చి పోయారు. నోట్లో పెట్టుకుంటే పులుపుకి దంతాలు జివ్వుమన్నాయి. అంత పుల్లటివి ఏరి కొనేది నువ్వేనని అప్పుడే తెలిసింది. అంతదూరం కారులో వచ్చి మెట్ల దగ్గర్నుంచే తిరిగి పోయావా, వెధవా? నీ ఉత్తరం చదివాను. పొట్ట గురించి రాసింది బాగుంది, నర్సుకి కూడా వినిపించాను. ఇంకోసారి వస్తే పైకి రా. హిల్డా కరుస్తుంది కానీ మింగదు.”

ద్రాక్షపళ్ల సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఇద్దరూ ఇద్దరే.

హిల్డా


నార్తాంప్టన్
మే 1992

హిల్డాకి, ఎడ్విన్‌కి,

దేశం నలుమూలల నుంచి మా బళ్లమ్మే డీలర్లందరూ ఏటా ఒకరోజు మా షెడ్డులో చేరతారు. ఈసారి నన్ను ఒక ఉపన్యాసం ఇమ్మన్నాడు లాంగ్డెన్. విషయం, బండి శుభ్రపరిచే సరైన విధానం. నేను నవ్వలేదు. సరే సార్ అన్నాను.

వెనక బల్ల మీద టీ కాచే పెద్ద డ్రమ్ము బుసలు కొడుతోంది. మీటరు పట్టుకుని దాని పక్కన నిలబడ్డాను. “కడగడం గురించి చెప్పే ముందు మీలో ఒకరు గోదాములోకి వెళ్లి, మీకు నచ్చిన స్టేటర్లు నాలుగు తెచ్చి ఇవ్వండి. నన్ను ముట్టుకోనివ్వొద్దు,” అన్నాను. వేల్స్ డీలర్ గ్విలిం వెళ్లి తెచ్చాడు. అతని చేతే పెట్టెలు విప్పించాను, అతని చేతే మీటరు పట్టించాను. నాలుగూ బాగున్నాయి. నాలుగింటినీ డ్రమ్ము మూత మీద పెట్టి గుడ్డ కప్పాను.

లాంగ్డెన్ ముందు వరుసలోంచి, “ఫాసెట్, టీ దగ్గర ఏమిటది?” అన్నాడు.

“వేడి చేస్తున్నాను సార్. బళ్లు కూడా వేడెక్కుతాయి కదా.”

“కడగడం గురించి చెప్పు.”

“నీళ్లు ఇంకా తగల్లేదు సార్. అదే చూపిద్దామని.”

అందరూ కప్పుల్లో టీ పోసుకునే దాకా ఆగాను. గ్విలిం మళ్లీ మీటరు పెట్టాడు. మొదటిదానికి ముల్లు లేవలేదు. రెండోదానికి లేవలేదు. మూడోది లేచింది. నాలుగోది లేవలేదు.

గ్విలిం లాంగ్డెన్ వైపు తిరిగాడు. “మా ఊళ్లో మనుషులకి బండి కడగడం రాదని ఏడాదిగా నా నోటితో చెప్పించారు మీరు. ఒక్కొక్కడి మొహం మీదే చెప్పాను. వాళ్లలో మా మామ కూడా ఉన్నాడు,” అన్నాడు.

నేను ఎడ్విన్ గురించి చెప్పాను. పేరు, ఊరు, మెట్టు ఎత్తు, విరిగిన ఎముకలు. ఉత్తరాల కింద సంతకం నాదేనని కూడా చెప్పాను. ఎవరైనా లేచి తిట్టుంటే బాగుండేది.

లాంగ్డెన్ నన్ను పక్కకి పిలిచి ఆఫీసులో నా బల్ల ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్నాడు. కంపెనీ కారు తాళాలు అక్కడే ఇచ్చేశాను. ఇంటికి నడిచే వచ్చాను, ఎండగా ఉంది, టై తీసి జేబులో పెట్టుకున్నాను. మీ వదిన తలుపు తీసి, “బస్సులో వచ్చావా?” అంది. “ఉద్యోగం పోయింది,” అన్నాను. “లోపలికి రా, కాళ్లు కడుక్కో,” అంది. కడగమన్న మాట విని ఇద్దరం గుమ్మంలోనే నవ్వాం, తర్వాత తను ఏడ్చింది.

డీలర్లందరూ ఆ సాయంత్రమే కలిసి, ఈ స్టేటర్లున్న బండి ఒక్కటి కూడా అమ్మేది లేదని చెప్పి వెళ్లారట. కొన్నవాళ్లందరికీ, మంచివి వచ్చేదాకా బండి ఎక్కొద్దని కంపెనీ ఉత్తరాలు పంపుతోందని విన్నాను. మీకూ ఒకటి వస్తుంది. కింద వేరే సంతకం ఉంటుంది.

ఎడ్విన్ కాలు పొడుగవదు. అది నాకు తెలుసు.

క్లిఫర్డ్


గన్నర్‌సైడ్
జూన్ 1992

క్లిఫర్డ్ అన్నయ్యకి,

కంపెనీ ఉత్తరం వచ్చింది. బండి ఎక్కొద్దట. మీ బావ చదివి, “చెప్పినందుకు థాంక్సని రాయి, ఇప్పుడే ఎక్కబోతున్నాను,” అన్నాడు. కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తున్నాడు. నడకలో పక్కకి ఒరుగుతాడు, ఒరిగినప్పుడల్లా కుక్క తప్పుకుంటుంది.

పోయిన ఆదివారం మా పోటీకి ఆయన్ని ట్రాక్టరు వెనక బండిలో తీసుకెళ్లాం. ఆ మెట్టు దగ్గరే కుర్చీ వేయించుకుని మార్కులు వేశాడు. వద్దంటే వినలేదు. నాకన్నా నికృష్టంగా వేస్తాడు. డగ్లస్ బొటనవేలు ఆనిస్తే కూడా ఒకటి రాశాడు. డగ్లస్ వచ్చి, “ఎడ్విన్, నిన్ను మోసుకొచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను,” అన్నాడు. “తెలుసు. తల వైపు నువ్వు పట్టుకున్నావు, రెండుసార్లు కింద పెట్టావు. అప్పుడే రెండు వేసి ఉండాల్సింది,” అన్నాడు మీ బావ.

నువ్వు షెడ్డులో చేసిన పని గురించి ఆయన ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాడు. చెప్పినప్పుడల్లా టీ డ్రమ్ము పెద్దదవుతోంది. నేను అందరికీ ఒక్కటే చెప్తున్నాను. మా అన్న మంచి పనే చేశాడు, మా ఆయన ఎముకలు విరిగాక చేశాడు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి మింగడం నాకు చేతకాదు. నువ్వు కూడా నన్ను అలా అడగవనే అనుకుంటున్నాను.

బండి పాకలో దుప్పటి కింద ఉంది. అమ్మేద్దామంటే ఒప్పుకోడు. మంచి స్టేటర్ వచ్చాక, సెప్టెంబరు పోటీలో దాన్ని నువ్వు నడపాలట. బట్టల బీరువా మేడ మెట్ల మీంచి దొర్లినట్టు నడుపుతావట, అది తను కళ్లారా చూడాలట. నేను వద్దన్నాను. వాదించి గెలవలేకపోయాను. కర్రతో నడిచేవాడితో వాదించడం కష్టం, విసుక్కుని బయటికి పోడు.

ముందు గొర్రెల బొచ్చు కత్తిరించే పనుంది. మనుషులు చాలరు. వదినని కూడా తీసుకురా. రిచ్‌మండ్ దాకా బస్సులో రండి, అక్కడికి నేనొచ్చి తీసుకెళ్తాను. దారిలో నీతో మాట్లాడను, వదినతో మాట్లాడతాను. ఇంటికొచ్చాక సంగతి చూద్దాం.

హిల్డా